నీటికంటె ముందుగా మాట

(సూరతు నగరమున జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగము)



మన సంఘ సభలలో కావ్యమును గూర్చియో, గానమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి సాయంకాలము నేను వరదను గూర్చి మాటలాడదలచితిని. వరదకును సాంస్కృతిక సంఘమునకును సంబంధమేమని కొందరికి తోచవచ్చును. ఆ సంబంధము కలదనియే నా మనవి. ప్రసంగము ముగియునప్పటికి మీరును అట్లే తలచితిరేని నా శ్రమ ఫలించినట్లే.

మొదట నదిని గూర్చి రెండు మాటలు. ఈ యూరివారు తాపీ యనియు, ఎగువవారు తాప్తీ యనియు పిలుచు ఈ నది తెలుగువారికి క్రొత్తది కాదు. మహాభారతమున ఆదిపర్వములో తపతీ సంవరణుల కథ కలదు. తపతి సూర్యుని కూతురు. సంవరణ మహారాజు ఆమెను వలచి, వసిష్ఠుని సాయమున పెండ్లియాడెను. వారి కుమారుడే కురువు. ఆ కథనే 16వ శతాబ్దమున అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమను ప్రబంధముగా రచించి, గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాకు అంకిత మొసంగెను. సూరతువారు నేటికిని ఆషాఢ శుద్ధ సప్తమిని తాపీమాత జన్మదినముగా జరుపుకొని, నదికి చీర సమర్పించుచున్నారు. కనుక ఈ యొడ్డున నిలిచినప్పుడు మనము పూర్తిగా పరాయివారము కాము.

ఆ భారతకథలో నొక ముచ్చట తరచుగా నా మనసునకు వచ్చుచుండును. సంవరణుడు పెండ్లియైన పిదప తపతితో గూడి కొండలలో పండ్రెండేండ్లు విహరించుచు రాజ్యమును మరచెను. ఆ పండ్రెండేండ్లును అతని దేశమున వాన చినుకు పడలేదు. వసిష్ఠుడు రాజును మరల పురమునకు దోడ్కొని వచ్చిన తరువాతనే వాన కురిసెను. నీటి మంచిచెడ్డలు ఆకసమున మాత్రమే నిర్ణయము కావు. మనుష్యుల మెలకువలో కూడ నిర్ణయమగునని ఆ కథకు నేను అర్థము చెప్పుకొందును. నేను చెప్పబోవు తక్కిన దంతయు ఈ మాటకు వ్యాఖ్యానమే.

కథను విడిచి భూగోళమునకు వత్తము. తాపీనది మధ్యప్రదేశములోని బేతూలు జిల్లాలో ముల్తాయి వద్ద పుట్టి, బుర్హాన్‌పూరు మీదుగా మహారాష్ట్రలోని ఖాందేశమును దాటి, గుజరాతు ప్రవేశించి, మొత్తము 724 కిలోమీటర్లు నడచి, సూరతునకు దిగువ సముద్రమును చేరును. దీనికి నీరు చేర్చు ప్రదేశము సుమారు 65,000 చదరపు కిలోమీటర్లు. అందు అధికభాగము మహారాష్ట్రలోనిది. అనగా సూరతును ముంచు నీరు సూరతులో కురిసినది కాదు. ఇక్కడ ఎండ కాయుచుండగానే ఇచటికి వరద వచ్చుట కలదు.

మన గోదావరియు కృష్ణయు తూర్పునకు పారును. తాపీ నర్మదవలె పడమటికి పారును. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని, సూరతు కష్టములో చాల భాగము ఇందులోనే యున్నది. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము తూర్పుతీరమును దాటి పడమటి దిక్కునకు సాగును. గోదావరి పైని అది నీటికి ఎదురుగా నడచును. తాపీ పైని అది నీటితో కలసి నడచును. ఎగువ కురిసిన నీరు దిగువకు వచ్చు వేళకే వానయు దిగువకు వచ్చును. వీనికి తోడు సముద్రమొకటి. ఖంభాతు అఖాతమున ఆటుపోటుల యెత్తు మిక్కిలి హెచ్చు. పోటు వేళ సముద్రము నదిని లోనికి రానీయదు. ఎగువనుండి నీరు, నెత్తిపై వాన, ఎదుట పోటు: ఈ మూడును ఒక్కదినమున కలసినచో నడుమనున్న నగరమునకు మునుగుట తప్ప వేరు దారి లేదు.

ఇట్టి దినములు సూరతు చరిత్రలో పెక్కు గలవు. 1837లో గొప్ప యగ్నిప్రమాదము వేలకొలది యిండ్లను దహింపగా, ఆ యేటనే వరద వచ్చి మిగిలినదానిని పాడుచేసెను. 1968 ఆగస్టులో వచ్చిన వెల్లువ యింకను పెద్దది. అప్పుడు నదిలో సుమారు 15 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించినట్లు లెక్కలు చెప్పుచున్నవి. ఆ తరువాత 1972 నాటికి నగరమునకు ఎగువ సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉకాయి ఆనకట్ట సిద్ధమయ్యెను. దాని జలాశయమునకు వల్లభసాగరమని పేరు. హైదరాబాదువారికి ఈ క్రమము తెలిసినదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచగా, తరువాత 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును కట్టిరి. మునిగిన పిదప ఆనకట్ట కట్టుట, కట్టిన పిదప ఇక భయము లేదని నిద్రించుట, రెండును మన దేశమున సర్వత్ర కనబడునవే.

ఆనకట్ట యనునది తాళము వేసిన భోషాణము కాదు. ఉకాయి నీటితో పొలములు పండవలెను, విద్యుత్తు పుట్టవలెను, నగరము త్రాగవలెను. అందుచేత వానకాలము ముగియునప్పటికి జలాశయము నిండుగా, అనగా 345 అడుగుల మట్టమున నుండవలెనని ఒకరి కోరిక. వరద నాపవలెనన్నచో, వాన ముగియువరకు దానిలో ఖాళీ యుండవలెనని మరియొకరి కోరిక. రెండును న్యాయమైనవే. ఒక్క పాత్రను నిండుగను వెలితిగను ఉంచుట యెట్లు? అందుకై నెలనెలకు ఇంత మట్టము దాటరాదను నియమము నేర్పరచిరి. ఆ నియమమునకును వాన గమనమునకును పొత్తు కుదరని యేడు చిక్కు వచ్చును.

2006 అట్టి యేడు. ఆగస్టు మొదటి వారమున ఎగువ ప్రాంతములలో కుండపోతగా వాన కురిసెను. జలాశయమునకు చేరు నీటిని నిలుపుటకు చోటు చాలక, గేట్లెత్తి విడువవలసి వచ్చెను. విడుదల 9 లక్షల క్యూసెక్కులు దాటెను. ఆగస్టు 7 సాయంకాలమునుండి నగరములో నీరు పెరగసాగెను. 9వ తేదీ శ్రావణ పూర్ణిమ. మనకు జంధ్యాల పున్నమ, ఇచటివారికి రాఖీ పండుగ. పున్నమికి సముద్రమున పెద్ద పోటుండును గదా! నీరు దిగువకు పోలేక నగరమున నిలిచెను. రాందేరు, అడాజణు, అఠవా మున్నగు పేటలతో సహా నగరములో అత్యధికభాగము మునిగెను. వందకు మించిన ప్రాణములు పోయెను. సైనికులు పడవలలో తిరిగిరి. విమానదళమువారు మేడలపైకి ఆహారపు పొట్లములు జారవిడిచిరి.

ఇక్కడ నొక లెక్కను మీరు గమనింపవలెను. 1968లో ప్రవాహము 15 లక్షల క్యూసెక్కులు. 2006లో 9 లక్షలు. కాని నగరమున నీటిమట్టము రెండుమార్లును ఇంచుమించు ఒక్కటియే, 12 మీటర్లకు పైచిలుకు. హోప్ వంతెన పేరిట వాడుకలోనున్న కొలతపై ప్రమాదస్థాయి 9.5 మీటర్లు మాత్రమే. నీరు సగముకంటె కొంచెమే హెచ్చుగా వచ్చినను ఎత్తు తగ్గలేదనగా నదికి చోటు తగ్గినదని యర్థము. ఒండ్రు పేరుకొనినది, ఒడ్డులు ఇరుకైనవి, ఇండ్లు నదివైపు జరిగినవి. 1961లో 3 లక్షలకు లోబడిన సూరతు జనాభా 2011లో 44 లక్షలు దాటినది. ఇంతమందికి నేల కావలెను. నేల చాలని చోట మనుష్యుడు నీటి చోటును తీసికొనును. నీరు తన చోటును మరువదు.

వరద దినములలో సంసారమెట్లు సాగును? ఈ యూరి పాత కాపులకు దానిలో నొక విద్య యున్నది. ఆషాఢము వచ్చినది మొదలు, భద్రాచలమున గోదావరి యెన్నడుగు లున్నదని మనవారడుగునట్లే, ఉకాయిలో నెన్నడుగు లున్నదని ఇచటివారు పత్రిక తెరవగానే చూతురు. మట్టము పెరుగుచున్నదని తెలియగానే బియ్యము, గోధుమలు, పప్పులు అటక యెక్కును. పరుపులు, పిల్లల పుస్తకములు, కుట్టుమిషను మేడమీదికి పోవును. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపొడి కొని తెత్తురు. అన్నిటికంటె ముందు బిందెలు, బాల్టీలు, గంగాళములు త్రాగునీటితో నింపుదురు. ఎందుకనగా వరద వచ్చిన దినమున ఊరంతయు నీరే, గొంతు తడుపుకొనుటకు చుక్క యుండదు. కరెంటు పోవును, కరెంటుతో పంపులు పోవును. సెల్‌ఫోను కొంతసేపు పలికి మూగయగును. అటుపిమ్మట ప్రపంచమంతయు మేడపైకి కుదించుకొనును. క్రిందివాటాలోనివారు పైవాటాలోనివారి యింట చేరుదురు. జాతి, కులము, భాష అడుగువా రుండరు. ఒక్క పొయ్యిమీద నలుగురి గిన్నెలును ఉడుకును.

ఇట్టి విద్య సూరతువారికే గాదు. ఆగ్నేయాసియాలో వియత్నాము దేశమున హోయాన్ అను ప్రాచీన రేవుపట్టణమున్నది. సూరతువలెనే అదియు నాలుగు దేశముల వర్తకులు దిగిన యూరు. థూబోను నది యొడ్డున నుండుటచే అక్టోబరు, నవంబరు మాసములలో తరచుగా వీధులలోనికి నీరు వచ్చును. అచటి పాత యిండ్లలో మేడ నేలకు మధ్యగా నొక కంత యుంచుదురు. నీరు వచ్చునప్పుడు దుకాణములోని సరకును త్రాళ్ళతో ఆ కంతగుండ పైకి లాగుకొందురు. గోడలపై ఏయే యేట నీరెంత యెత్తు వచ్చినదో గుర్తులు పెట్టుకొందురు. నీటితో కాపురము చేయ నేర్చినవారి పద్ధతి యది. అయితే అక్కడైనను ఇక్కడైనను ఒక షరతు కలదు. ఈ విద్య పనికి వచ్చుటకు ఇంటికి మేడ యుండవలెను. నీరు వచ్చుచున్నదని ముందుగా తెలియవలెను. ఈ రెండును లేనివారి మాట యేమి?

ఇప్పుడు నేను అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఈ నగరమున తెలుగువారు రెండు విధములు. ఒకరు మనము: కేంద్రప్రభుత్వపు వివిధ శాఖలలో పనిచేయుచు, మూడు నాలుగేండ్లకు బదిలీపై పోవువారము. రెండవవారు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము జిల్లాలనుండి వచ్చిన నేతపనివారు. షోలాపురమునకు, భివండీకి, బొంబాయికి వెళ్ళినట్లే సూరతునకును వచ్చి, లింబాయత్, ఉధ్నా, గోడాదరా, డిండోలీ ప్రాంతములలో స్థిరపడిరి. సిరిసిల్లలో వలెనే ఇచటను మరమగ్గములను సాంచాలనియే పిలుతురు. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుచున్నదన్నచో, ఆ గౌరవము మనవలన వచ్చినది కాదు, వారివలన వచ్చినది.

నది గట్టు తెగినప్పుడే వరద యని తలచుట పొరపాటు. సూరతులోపల మీఠీ ఖాడీ, కోయలీ ఖాడీ, భేడ్‌వాడ్ ఖాడీ, కాకరా ఖాడీ యను వాగులున్నవి. నది పొంగినప్పుడు దాని నీరు ఎదురుతన్ని ఊరిలోనికి రాకుండ, మురుగు కాలువల మొగలలోని తలుపులు మూయుదురు. ఆ తలుపులు మూసిన వేళ ఊరిలో వాన కురిసినచో, ఆ నీరు బయటికి పోలేదు. అది వాగులలో నిండి పల్లపు పేటలమీద పడును. నది కట్టకు లోబడియే యున్నను ఖాడీ పొంగును. 2024లోను 2025లోను పల్లపు పేటలలో నీరు నిలిచినది ఇట్టి ఖాడీలు పొంగుటచేతనే. విజయవాడవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు పోవుచుండగా అందరును కృష్ణ వంకనే చూచిరి. సింగునగరమును ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. పెద్దయేటికి కాపలా యుండును. చిన్నవాగును ఎవ్వరును లక్ష్యపెట్టరు. పేదవాని యిల్లు చిన్నవాగు ప్రక్కననే యుండును.

నేతపనివాని యింట వరద యెట్లుండునో యోచింపుడు. అతనికి కూలి నెలజీతము కాదు. నేసిన మీటర్ల లెక్క. సాంచాలు నేలమీద బిగింపబడి యుండును. మోటారు క్రిందుగా నుండును. మోకాటి లోతు నీరు వచ్చినను మోటారు పాడగును, పడుగు తడియును, నూలు మురుగు వాసన పట్టి పనికిరాకుండ పోవును. నీరు తీసిన పిదప ఇనుప భాగములు త్రుప్పు పట్టును. వాటిని విప్పి, తుడిచి, నూనె వేసి, మరల బిగించి నడుపునంతవరకు పని లేదు. పని లేనిచో కూలి లేదు. యజమానికి పోయినది పెట్టుబడి; పనివానికి పోయినది అన్నము. గది యద్దెయు దుకాణపు బాకీయు వరదకు ఆగవు.

అందుచేతనే నీరు వచ్చుచున్నదన్నను ఇట్టివారు వెంటనే కదలరు. చూచువారు మొండితన మందురు. అది మొండితనము కాదు. గదిలో నున్న గ్యాసుబండ, బియ్యపు డబ్బా, రెండు ట్రంకుపెట్టెలు, గోడకు తగిలించిన టీవీ, ఇవియే వారి ఆస్తి. విడిచి పోయినచో దొంగల భయము. రేషను కార్డు, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకము తడిసినచో వాటిని మరల పొందుటకు ఎన్ని కార్యాలయముల మెట్లు ఎక్కవలెనో మనకంటె నెవరికి తెలియును? ఆ మెట్లపైన కూర్చున్నవారము మనమే కదా!

వరద తీసిన తరువాత మరియొక యధ్యాయము ప్రారంభమగును. 1994లో వానలకు పల్లపు పేటలు మునిగెను. నీరు తీసిన పిదప చెత్తయు చచ్చిన పశువులును పేరుకొనెను. సెప్టెంబరులో ప్లేగు వ్యాధి బయలుదేరినదను వార్త ప్రపంచమంతట వ్యాపించెను. మరణములు పదులలోనే, కాని పదంతలు భయంకరమైన వదంతులు బయలుదేరి, లక్షల జనము రైళ్ళపై పడి పారిపోయెను. మాటకు గల శక్తి మంచికే గాక చెడుకును పనిచేయునని ఆ సంవత్సరము తెలిపినది. నిజము చేరని చోటికి వదంతి ముందుగా చేరును.

ఆ మరుసటి యేట, 1995లో, సూర్యదేవర రామచంద్రరావుగారు నగరపాలక కమిషనరుగా వచ్చిరి. పేరు వినగానే తెలుగువారికి ఆత్మీయత కలుగును గదా! ఆయన అధికారులను ప్రతి ఉదయమును గదులనుండి వీధులలోనికి పంపెను. చెత్త తీయుటకు, కాలువలు బాగుచేయుటకు, ఆక్రమణలు తొలగించుటకు ఎవరు బాధ్యులో పేటపేటకును నిర్ణయించెను. రెండేండ్లు తిరుగకుండగనే సూరతు దేశమున పరిశుభ్రమైన నగరములలో రెండవదని పేరు పొందెను. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించెను. క్రొత్త చట్టము రాలేదు. క్రొత్త నది రాలేదు. పని చేయవలసిన చోట మనుష్యుడు నిలిచెను, అంతియే. సంవరణుడు పురమునకు తిరిగి వచ్చుట యనగా నిదియే.

2006 తరువాత సూరతు మరల మేలుకొనినది. ఎగువ వానలను, ఉకాయి మట్టమును, విడుదలను కలిపి చూచి ముందుగా హెచ్చరించు ఏర్పాటులు చేసికొనినది. ఉకాయిలో గేటెత్తిన నీరు సూరతునకు చేరుటకు కొన్ని గంటలు పట్టును. ఆ కొన్ని గంటలే సూరతునకు దేవుడిచ్చిన వరము. ఆ గడువులో మాట చేరినచో ప్రాణములు నిలుచును, పెట్టెలు అటక యెక్కును, మోటారులు విప్పుకొనవచ్చును. మాట చేరనిచో ఆ గంటలు వృథా.

మాట చేరుటకును చేరకపోవుటకును భేదమెంతయో మన తూర్పుతీరము చూచినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెను. తుపాను వచ్చుచున్నదని తెలిసియే యుండెను. అది యిట్టి ఉప్పెనయై వచ్చునని, లేచి పొండని, గుడిసె గుడిసెకును చేరినది కాదు. వేలకొలది జనము ఒక్క రాత్రిలో పోయిరి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒడిశాలోని గంజాము తీరమున పడినది. ఈ సూరతు సాంచాలపై పనిచేయు ఒరియా సోదరులలో అనేకులు ఆ జిల్లావారే. అప్పటికి ముందుగనే లక్షలమందిని గట్టి భవనములలోనికి చేర్చిరి. గాలి బలము తగ్గలేదు. ప్రాణనష్టము పదులలో నిలిచెను. భద్రాచలమున 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది యని పసిపిల్లలకు కూడ తెలియును. 1986లో 75 అడుగులు దాటిన నీటిని చూచిన తరమువారు ఆ అంకెలను తమ పిల్లలకు ఎక్కములవలె నేర్పిరి. అంకెకు అర్థము తెలిసినప్పుడే హెచ్చరిక పనిచేయును.

ఇక్కడ సచివాలయోద్యోగిగా నాకు తెలిసిన సంగతి యొకటి చెప్పెదను. దస్త్రములో హెచ్చరిక జారీ చేయబడినది యని వ్రాసి, సంతకము చేసి, తేదీ వేసినచో పని ముగిసినట్లు మనకు తోచును. జారీ యగుట వేరు, చేరుట వేరు. ఈ నగరమున హెచ్చరికలు గుజరాతీలో వచ్చును, హిందీలో వచ్చును. యువకులకు అవి తెలియును. కాని మొన్న మొన్న నల్లగొండనుండి వచ్చిన కోడలికి, ఇంటిపట్టున నుండు ముదుసలి అత్తకు, రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించువానికి అవి యెట్లు చేరును? చేరినను, ఇన్ని లక్షల క్యూసెక్కులు, ఇన్ని మీటర్లు అన్నచో వారికి అర్థమేమి? రాత్రి పది గంటలకు మీ వీధిలోనికి మోకాటి లోతు నీరు వచ్చును. కాగితములు, మందులు, పసిపిల్లల పాలు తీసికొని ఫలానా బడికి పొండు అని తెలుగున చెప్పినచో అర్థమగును.

సాంస్కృతిక సంఘమునకును వరదకును సంబంధ మేమంటిరా, ఇదియే సంబంధము. భాషను నిలుపుకొనుటకే కదా మనము సంఘము పెట్టుకొన్నది! సంవత్సరమునకు రెండుమార్లు పద్యములు చదివి, ఉగాది పచ్చడి తిని, నాటకమాడి భాషను నిలుపుదుము. మంచిదే. కాని భాషకు అంతకంటె పాతపని యొకటి కలదు: ఆపద వచ్చుచున్నదని తోడివానికి చెప్పుట. వార్త మన కార్యాలయములకు ముందుగా వచ్చును. భాష మనకును వారికిని ఒక్కటే. ఈ రెండింటిని కలుపుటకు వంతెన కట్టనక్కరలేదు, పరిచయము చాలును.

కనుక సంఘమువారి యెదుట కొన్ని చిన్న పనులు పెట్టుచున్నాను. వీనికి విరాళము లక్కరలేదు. జ్యేష్ఠమాసమున, వాన ముదరకముందే, మన సభ్యులు ఇద్దరిద్దరుగా ఖాడీ ప్రక్క పేటలకు పోయి, వీధికొక పెద్దమనిషిని పరిచయము చేసికొని, ఫోను సంఖ్యలు వ్రాసికొనవలెను. దానము చేయువారివలె పోరాదు, పొరుగువారివలె పోవలెను. ఆ వీధికి దగ్గరలో ఎత్తైన బడి యేదో, మేడయేదో వారినే అడిగి తెలిసికొనవలెను. మనకంటె వారికే తెలియును. కాగితములన్నియు నీరు చొరని సంచిలో ఒక్కచోట నుంచుకొనుమని చెప్పవలెను. మోటారులను ఎత్తున బిగించు వీలున్నదేమో యజమానులతో మాటలాడవలెను.

వరద దినములలో ప్రభుత్వము ప్రకటించిన మాటను మాత్రమే, దాని వేళతో సహా, తెలుగున పలికి పంపవలెను. వ్రాసి పంపుటకంటె పలికి పంపుట మేలు. ఇచట పుట్టిన పిల్లలలో చాలమందికి తెలుగు చెవికి వచ్చును గాని కంటికి రాదు. విన్నది, ఊహించినది, ఎవరో అన్నది పంపరాదు. 1994 నాటి పాఠము మరువరాదు.

నీరు తీసిన పిదప మరియొక పని. త్రాగునీరు కాచి త్రాగుమనుట, కాలికి పుండున్నవారు మురుగులో దిగరాదనుట, జ్వరము వచ్చినచో నాటుమందులతో కాలము గడపక ఆసుపత్రికి పొమ్మనుట. ఎలుకల మూత్రమువలన నీటిలో వ్యాపించు లెప్టోస్పైరోసిస్ జ్వరము ఈ దక్షిణ గుజరాతునకు పాత శత్రువు. వేళకు మందు పడినచో అది సాధారణముగా లొంగును. ఆలస్యమైనచో ప్రాణము తీయును. తడిసిన రేషను కార్డునకును, బ్యాంకు పుస్తకమునకును అర్జీ వ్రాసి పెట్టుట మనకు నిత్యకృత్యము. మనకు పావుగంట పని. వారికి ఒకదినపు కూలి మిగులును.

ఇట్టివి ప్రభుత్వము చేయవలసిన పనులు కావా యని కొందరడుగవచ్చును. అవును, ప్రభుత్వమువే. కాని ప్రభుత్వమనగా నెవరు? ఎగువ మట్టమును కొలుచువాడు, గేటెత్తువాడు, రైలు నడుపువాడు, పన్ను లెక్కించువాడు, అందరును కలసియే ప్రభుత్వము. ఆ గొలుసులో చివరి కొలికి వీధిలోనున్న యింటి తలుపు. అక్కడికి చేరినప్పుడే గొలుసు పూర్తియైనట్లు. మన ఉద్యోగము కార్యాలయపు గడపలో ముగిసినను, మన తెలుగు అక్కడ ముగియనక్కరలేదు.

ఉకాయి గేట్లు మన చేతిలో లేవు. బంగాళాఖాతపు గాలులు మన చేతిలో లేవు. పున్నమి పోటు మన చేతిలో అంతకన్నను లేదు. నీటికి కొన్ని గంటల ముందుగా బయలుదేరగల మాట యొక్కటి మన నోటిలో నున్నది. రాబోవు ఆషాఢమునకు అది లింబాయత్ వీధులకు తెలుగున చేరునట్లు మీరు చూతురని నమ్ముచున్నాను.